'ఏం కాదు' అనని డాక్టరమ్మ

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున పటాన్‌చెరు నర్సింగ్‌హోమ్ నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. ఆ గురువారం నేను మత్తు డాక్టరమ్మకు చూపించుకోవాల్సి ఉంది. అది గుర్తుచేయడానికే చేసిందనుకున్నాను. ఆమె, "గురువారం రాకున్రి మేడం. అమ్మ పోయిన్రు. నిన్న సాయంత్రం, సంగారెడ్డిల ఇంట్లనే. గుండె ఆగిందట" అంది.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. అత్తమ్మ బియ్యం ఏరుతోంది. చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. అయ్యో అనలేదు. నా మొహం వైపు కూడా చూడలేదు, నా ఏడో నెల కడుపు వైపు చూసింది. చాలాసేపు అలాగే చూసి, చాట పక్కన పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మా డాక్టరమ్మ గురించి ఎవరూ ఎక్కడా రాయరు. కాన్పు చేసిన డాక్టరు పేరు ఊరంతా చెప్పుకుంటారు. నడుములో సూది ఇచ్చిన మనిషి మొహం తల్లులకు గుర్తుండదు. వాళ్ళు వీపు వెనక నిలబడతారు కాబట్టి. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఆడవాళ్ళ వీపు వెనకే నిలబడింది. సర్కారు ఉద్యోగం అయిపోయాక సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య నాలుగైదు నర్సింగ్‌హోములకు వెళ్ళేది. మామూలు కాన్పులకు ఆమెను పిలిచేవాళ్ళు కాదు. తక్కిన మత్తు డాక్టర్లు వద్దని చేతులెత్తేసినవాళ్ళకు మాత్రమే ఆమె కావాల్సి వచ్చేది. మూర్ఛ ఉన్నవాళ్ళు, వెన్ను ఆపరేషన్ అయినవాళ్ళు, చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడినవాళ్ళు, నాలాంటివాళ్ళు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. పెళ్ళికి ముందు నుంచీ నేను జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున షిఫ్టులో గాజు గొట్టంలోని ద్రవం మట్టం చదువుతుంటే గీతలు రెండుగా కనిపించాయి. కుడికన్ను మూసుకుంటే సరిగ్గా ఉంది. ఎడమకన్ను మూసుకుంటే ఎర్రటి సీసా మూత నానబెట్టి ఉతికినట్టు వెలిసిపోయి ఉంది. వారం తిరిగేసరికి ఎడమకాలు మోకాలి కింద మొద్దుబారింది. సాయంత్రాలు జిన్నారం వైపు నుంచి మందుల కంపెనీల వాసన మోసుకుని గాలి తిరిగితే మా కాలనీలో అందరం కిటికీలు మూసుకుంటాం. ఆ వాసన వల్లే అయిందని అత్తమ్మ నమ్మింది. ఉద్యోగం మానేయమంది. సిటీలో నరాల డాక్టరు స్కానింగు చూసి, నరాల మీద ఉండే పొర అక్కడక్కడా ఊడిపోతోందని, దీన్ని ఎం.ఎస్. అంటారని చెప్పాడు. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, ఎప్పుడు ఎక్కడ వస్తుందో చెప్పలేమన్నాడు.

రెండేళ్ళ తర్వాత కడుపు పండింది. విచిత్రంగా ఆ నెలల్లో కాలు తేలికైంది, కన్ను తేటపడింది. జబ్బు పోయిందనే అనుకున్నాం. ఎనిమిదో నెలలో బిడ్డ అడ్డం తిరిగిందని, ఆపరేషన్ తప్పదని కాన్పు డాక్టరు చెప్పింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. నర్సింగ్‌హోమ్‌లో ఉండే మత్తు డాక్టరు నా ఫైలు రెండు పేజీలు తిప్పి మూసేశాడు. ఈమె నడుములో నేను సూది పెట్టనన్నాడు. రేపు కాలు పడిపోతే సూది వల్లే పోయిందంటారు, ఆ మాట నాకెందుకన్నాడు. ఇంకొకాయన్ను అడిగితే అసలు ఫైలే చూడలేదు. చివరికి సిస్టరే, సంగారెడ్డి అమ్మను పిలుద్దామంది.

ఆమె ఒక మధ్యాహ్నం వచ్చింది. పొట్టి మనిషి, అరవై దాటిన వయసు, నేత చీర, భుజానికి గుడ్డ సంచి. గదిలోకి రాగానే కుర్చీ పక్కకు జరిపి, ముక్కాలిపీట మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. అరచేతులు రెండూ చాలాసేపు రుద్దుకుంది. తర్వాత ఎప్పుడు చూసినా అలాగే చేసేది. చల్లటి చేతితో తాకితే ఒళ్ళు అబద్ధం చెబుతుందనేది. సంచిలోంచి ఒక స్టీలు చెంచా, దూది, నల్ల పెన్ను తీసింది. చెంచాను చల్లటి నీళ్ళలో ముంచి, నన్ను కళ్ళు మూసుకోమని, నడుము నుంచి కాలివేళ్ళ దాకా అంగుళం అంగుళం తాకుతూ వచ్చింది. చల్లగా ఉందా, లేదా, తాకినట్టే ఉందా, మొద్దుగా ఉందా అని అడిగేది. స్పర్శ మారిన ప్రతిచోటా పెన్నుతో నా చర్మం మీద గీత గీసేది. అంతా అయ్యాక తెల్లకాగితం మీద మనిషి బొమ్మ ముందువైపు, వెనకవైపు వేసి, ఆ గీతలన్నీ అందులోకి ఎక్కించింది. పక్కన తెలుగులోనే రాసింది. ఇంగ్లీషులో ఎందుకు రాయలేదని అడిగితే, నీ ఒంటి సంగతి మీ అత్తమ్మ కూడా చదువుకోవాలి కదా అంది.

సూది ఇచ్చాక ఏదైనా తేడా వస్తే, అది పాతదా కొత్తదా అని ఆ కాగితం చెబుతుందట. ఎవరి తప్పో చెబుతుందా అని అత్తమ్మ అడిగింది. అది చెప్పదని ఆమె ఒప్పుకుంది.

అప్పటిదాకా నిలబడే ఉన్న అత్తమ్మ అప్పుడు మంచం అంచు మీద కూర్చుని, తన మనసులో ఉన్నది చెప్పింది. జోగిపేట దగ్గర అత్తమ్మ పుట్టిన ఊరిలో సుగుణ అనే అమ్మాయి ఉండేది. జోగిపేటలోనే ఇచ్చారు. మొదటి కాన్పుకు దవాఖానకు నడుచుకుంటూ వెళ్ళింది. ఆపరేషన్‌కు నడుములో సూది ఇచ్చారు. బిడ్డ బాగానే పుట్టాడు. సుగుణ మాత్రం మళ్ళీ లేవలేదు. ఆ ఊళ్ళో ఇప్పటికీ కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ కథ చెబుతారని అత్తమ్మ అంది.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. సుగుణ ఇల్లు జోగిపేటలో మార్కెట్ వెనకాలేనా అని అడిగింది. అత్తమ్మ తలూపింది.

"ఆ సూది ఇచ్చింది నేనే అమ్మా" అంది ఆమె.

అత్తమ్మ నా మణికట్టు పట్టుకుని, "లే బిడ్డా, పోదాం" అంది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే నా పొట్ట కింద, తొడల మీద ఇంకా ఆ నల్లగీతలు ఉన్నాయి. డాక్టరమ్మ మమ్మల్ని ఆపలేదు. తను చెప్పుకోవాల్సిందేదో ఉన్నట్టు కూడా కనిపించలేదు. బొమ్మ గీసిన కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"ఎవరు సూది ఇచ్చినా ఈ కాయితం చూపెట్టు. వాళ్ళకు పనికొస్తది. ఒకసారి వీలు చూసుకొని జోగిపేట పోయి సుగుణను అడగున్రి. నా గురించి ఆమె ఏం చెప్తే గదే నిజం అనుకోన్రి."

ఆదివారం మా ఆయన, అత్తమ్మ, నేను జోగిపేట వెళ్ళాం. సుగుణక్క ముందుగదిలో చేత్తో తిప్పే కుట్టుమిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుడుతోంది. నడుము కింద దుప్పటి కప్పి ఉంది. అత్తమ్మను చిన్నమ్మా అని పిలిచి, కూర్చోమంది. మేమెందుకు వచ్చామో చెప్పాక మిషన్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి కొద్దిసేపు బయటికి చూసింది. తర్వాత ఏ దాపరికం లేకుండా చెప్పింది. కాన్పుకు ముందు మూడు నెలల నుంచే ఆమెకు కాళ్ళలో తిమ్మిరి ఉందట. కడుపు బరువు వల్లే అనుకుంది. ఆ రోజు బిడ్డ గుండె తగ్గుతోందని హడావుడిగా ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. తిమ్మిరి గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కాళ్ళు తిరిగి రాకపోయేసరికి స్కానింగు తీశారు. వెన్నులో గడ్డ ఉంది, ఎప్పటి నుంచో పెరుగుతున్నది. గడ్డ వల్ల పోయాయా, సూది వల్ల పోయాయా అంటే పెద్ద డాక్టర్లు తలా ఒక మాట చెప్పారు. ఇన్నేళ్ళయినా అది తేలలేదు.

"ఆమె నెలకోసారి వస్తది, పదో తారీఖున. మొదట్ల మొఖం మీదనే తలుపేయించిన. బయట నిలబడి, ఒంటికి పుండ్లు అయినయా, జెరం వస్తుందా అని మా అత్తను అడిగి పోయేది. రెండేండ్లకు తలుపు తీయించిన."

ఆమెను క్షమించావా అని అత్తమ్మ అడిగింది.

"లే చిన్నమ్మా. కోపం పోలే, పోదు గూడ." సుగుణక్క నా వైపు తిరిగింది. "కాని నీకు సూది పడేది ఖాయమైతే ఆమెతోనే ఏయించుకో. ఆమె లెక్క భయపడుకుంట ఏసెటోళ్ళు నీకు ఇంకొకరు దొరకరు."

తిరుగుదారిలో సంగారెడ్డి దాటాక అత్తమ్మ, తనైతే వద్దంటుందని, ఆ తర్వాత నా ఇష్టమని అంది. బండి నడుపుతున్న మా ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ చూపులోనూ ప్రశ్నే ఉంది. నా మనసులో ధైర్యమేమీ లేదు. అందరూ ఏం కాదు, ఏం కాదు అంటున్న ఆ వారాల్లో, అవుతుందేమో అని నాతో అన్న మనిషి ఆమె ఒక్కతే. భయపడే మనిషి చేతిలోనే నా వీపు పెట్టాలనిపించింది. మర్నాడు నేనే ఫోన్ చేశాను.

ఆపరేషన్‌కు ముందు ఆమె అన్నీ విప్పి చెప్పింది. వెన్నుపాము చుట్టూ నీళ్ళ సంచి లాంటిది ఉంటుందట. ఒక రకం సూదిలో మందు నేరుగా ఆ నీళ్ళలోకి పోతుంది. ఇంకో రకంలో సంచికి బయటే సన్నటి గొట్టం ఉంచి, మందును కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పొర ఊడిన నరాలకు మందు నేరుగా తగలడం తనకు ఇష్టం లేదని, రెండోదే చేస్తానని అంది. మొత్తం నిద్రపుచ్చితే గొంతులో గొట్టం వేయాలి, దానికి వేరే ప్రమాదాలున్నాయని అవి కూడా చెప్పింది. సూదితో నా జబ్బు పెరుగుతుందా అని అడిగాను.

"పెరుగుతదని ఇప్పటిదాకా తేలలే. పెరగదని నేను సంతకం పెట్టి ఇయ్యలేను. కాని ఒకటి యాదుంచుకో. నువ్వు భయపడాల్సింది కాన్పు దినానికి కాదు. కడుపుల బిడ్డ ఉన్నన్ని దినాలు ఈ జబ్బు పండుకుంటది. బిడ్డ బయటికొచ్చినంక మూడు నెలలల్ల మళ్ళ లేస్తది, చానామందికి. ఏది మొద్దుబారినా ఆ దినమే నాకు ఫోన్ చెయ్యి."

ఆ మాటకు అత్తమ్మ రెండు చెవులూ మూసుకుంది. మంచి జరగబోయే ముందు అలా అనొచ్చా అని తర్వాత నాతో కోప్పడింది.

పొద్దున తొమ్మిదింటికి నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, దిండు కావలించుకుని ముందుకు వంగమన్నారు. వెనక చేతులు రుద్దుకుంటున్న శబ్దం వినిపించింది. ఆమె వేళ్ళు నా వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాయి. చేయబోయేదేమిటో చెప్పి గానీ ఏదీ చేయలేదు. ఇప్పుడు చల్లటి మందు రాస్తున్నా, ఇప్పుడు చీమ కుట్టినట్టు ఉంటది, ఇప్పుడు ఒత్తిడి తెలుస్తది. కాలులోకి కరెంటు కొట్టినట్టయితే వెంటనే చెప్పమంది. ఒక్కసారి ఎడమ తొడలోకి సన్నగా జివ్వుమంది. చెప్పాను. సూది ఆగింది, వెనక్కి వచ్చింది. ఆమె ఊపిరి నా మెడ మీద తగిలింది. చాలాసేపటికి, ఇంకోచోట మొదలుపెట్టింది. కాళ్ళు మెల్లగా వేడెక్కి, బరువెక్కి, నావి కాకుండా పోయాయి. పదింపావుకు పాప ఏడ్చింది.

ఆ తర్వాతే అందరం భయపడిన సమయం వచ్చింది. మందు దిగిపోయి కాళ్ళు తిరిగి రావాలి. ఆమె ఆ రోజు ఇంకే నర్సింగ్‌హోమ్‌కూ వెళ్ళలేదు. ముక్కాలిపీట వేసుకుని నా కాళ్ళ దగ్గరే కూర్చుంది. పావుగంటకోసారి చెంచా ముంచి తాకేది, పెన్నుతో గీసేది. ఒంటిగంటకు కుడి బొటనవేలు కదిలింది. రెండింటికి కుడిమోకాలు వంగింది. ఎడమకాలు అలాగే పడి ఉంది. మూడయింది. అత్తమ్మ పాపను ఎత్తుకుని మంచం చివర నిలబడి నా ఎడమ వేళ్ళ వైపే చూస్తోంది. పాప ఏడుస్తున్నా ఊపడం మరిచిపోయింది. ఏమైనా మాట్లాడండి అని నేను డాక్టరమ్మను అడిగాను. ఆమె చెంచా తుడిచి, ఇప్పటిదాకా రావాల్సిందని, రాలేదని, ఇంకో గంట చూసి సిటీకి స్కానింగుకు పంపిస్తానని, బండి సిద్ధంగా ఉందని చెప్పింది. ఆ మాటల్లో ఒక్కటీ మెత్తనిది లేదు. ఆమె పెదవులు మాత్రం తెల్లగా అయిపోయాయి. ఆ క్షణంలో ఆమె చూస్తున్నది నా కాలినా, జోగిపేటలో దుప్పటి కింద ఉన్న కాళ్ళనా అనేది నాకు తెలియదు.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుందనగా ఎడమ చిటికెనవేలు వణికింది. మొదట అత్తమ్మే చూసింది. పాపను తెచ్చి నా పక్కన పడుకోబెట్టింది.

సాయంత్రానికి నడిచాను. పాత బొమ్మ పక్కన పెట్టి కొత్తగా గీస్తే గీతలన్నీ కలిశాయి. ఒక్కచోట కలవలేదు. ఎడమ మోకాలి చిప్ప కింద, వేలెడంత వెడల్పున ఒక పట్టీ, అంతకుముందు స్పర్శ ఉన్నచోట ఇప్పుడు లేదు. ఇంకెవరైనా అయితే రేపటికి పోతుందనేవారు. ఆమె దాన్ని కూడా గీసి పక్కన రాసింది: "ఇది కొత్తది. ఎందుకు వచ్చిందో తెలవదు." ఆ పట్టీ ఈరోజుకీ అలాగే ఉంది. అక్కడ దోమ కుట్టినా తెలియదు.

పాపకు మూడో నెల. ఒక పొద్దున కాళ్ళు చాపుకుని, వాటి మీద పాపను పడుకోబెట్టి నీళ్ళు పోస్తున్నాను. చెంబు చేతిలోంచి జారింది. వంగి తీయబోతే కుడిచేతి వేళ్ళు మూసుకోలేదు. పాప నా కాళ్ళ మీంచి జారుతోంది. పట్టుకోవడానికి ఒకే చెయ్యి ఉంది. ఎలా అరిచానో తెలియదు, అత్తమ్మ వచ్చి పాపను లాక్కుంది. పాపకు నీళ్ళు పొలమారి మొహం నీలంగా అయ్యి, తర్వాత ఏడ్చింది. అత్తమ్మ దాన్ని గుండెకు అదుముకుని, "సూది. ఆ సూదే" అంది.

నేనూ అదే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, ముందే విన్నదాన్ని, అయినా ఆ పూట నాకు ఎవరో ఒకరు కావాలి. ఎడమచేత్తో డాక్టరమ్మకు ఫోన్ చేసి అనకూడని మాటలన్నీ అన్నాను. ఒక మనిషిని మంచాన పడేసింది చాలదా అని కూడా అన్నాను. గంటన్నరలో ఆమె సంగారెడ్డి నుంచి ఆటోలో మా ఇంటి ముందు దిగింది. అత్తమ్మ మంచినీళ్ళు ఇవ్వలేదు. ఆమె అడగలేదు. నేలమీద కూర్చుని చేతులు రుద్దుకుని నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"నడుముల ఇచ్చిన సూది చేతికి ఎక్కదని పుస్తకాలల్ల ఉన్నది. ఇది నేను చెప్పిన మూడో నెల అనే అనుకుంటున్న. నువ్వు నన్ను అనుమానించు, నేను కాదనను. సుగుణ గూడ అనుమానిస్తది. మందు మాత్రం ఇయ్యాల్నే మొదలుపెట్టాలె. లే."

ఆ మధ్యాహ్నమే నన్ను సిటీకి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మూడు రోజులు సెలైన్‌లో మందు ఎక్కించారు. వారంలో వేళ్ళు మూసుకున్నాయి. పూర్తిగా మాత్రం రాలేదు. జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి ఇప్పటికీ నాకు సమయం పడుతుంది. ఆ మూడు రోజులూ ఇంట్లో పాపకు డబ్బాపాలు పట్టిన అత్తమ్మ, నేను తిరిగివచ్చాక ఒకే మాట అడిగింది. "ఆమె ముందే చెప్పింది గదా?" అవునన్నాను. అంతకు మించి ఆ సంగతి మా ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. తర్వాత డాక్టరమ్మ ఎప్పుడు వచ్చినా అత్తమ్మ చాయ్ పెట్టేది, పక్కన మాత్రం కూర్చునేది కాదు.

ఈ నాలుగేళ్ళలో ఆమె ఇటువైపు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేది. ఎండాకాలం మొదలైతే ముందే ఫోన్ చేసేది, ఎండకు ఈ జబ్బు ముదురుతుందని. కంపెనీ వాసన వల్లే ఇది వచ్చిందా అని నేను చాలాసార్లు అడిగాను. వల్లే అనడానికి తన దగ్గర రుజువు లేదని, కాదనడానికి అంతకంటే లేదని, వీలైతే వేరే ఉద్యోగం చూసుకోమని చెప్పింది. నేను చూసుకోలేదు. ఒకసారి మాత్రం, ఇంత భయం పెట్టుకుని ఈ పని ఎందుకు చేస్తున్నారని అడిగాను. తను మానేస్తే నాలాంటివాళ్ళు భయం లేనివాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సి వస్తుందని అంది. అది గొప్ప కోసం అన్న మాటలా లేదు. అలసిపోయిన మనిషి అన్నట్టు ఉంది.

రెండో కడుపు మేం అనుకుని తెచ్చుకున్నది కాదు. తెలిశాక ఆమెకే మొదట చెప్పాను. ఆరో నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికే వచ్చి కొత్త బొమ్మ గీసింది. ఈసారి చెంచా పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతోంది. మెట్లెక్కినందుకు ఆయాసం అంది. అన్నిచోట్లా తాకి, గీసి, పాత కాగితం పక్కన పెట్టింది. ఎడమకాలి గీత మోకాలు దాటి తొడ సగం దాకా వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు జబ్బు పడుకుంటుందన్నారు కదా అని అడిగాను.

"పోయినసారి పండుకున్నది. ఈసారి పండుకున్నట్టు లేదు" అంది. చెంచా తుడిచి సంచిలో పెట్టి, "ఈసారి సూది చిన్న డాక్టరు ఇస్తడు. నా చేతి మీద నాకు నమ్మకం తగ్గింది. నేను పక్కనే కూసుంట" అంది. వచ్చే నెల నేను నర్సింగ్‌హోమ్‌లో చూపించుకునే గురువారం అతన్ని వెంటబెట్టుకుని వచ్చి నాకు పరిచయం చేస్తానంది. వెళ్ళేటప్పుడు అత్తమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తాకడం నేను చూసింది అప్పుడే.

ఆమె పోయాక ఆ చిన్న డాక్టరు ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. మేడం కాగితాలన్నీ తనకు ఇచ్చారని చెప్పి, "ఏం కాదండి, మీరేం భయపడకండి" అన్నాడు. ఫోన్ పట్టుకున్న నా చెయ్యి చల్లబడిపోయింది. అతనికి ఇరవై తొమ్మిదో ముప్పయ్యో ఉంటాయి. తప్పు అతనిది కాదు.

సుగుణక్కకు కూడా నేనే ఫోన్ చేశాను. అప్పటికే తెలిసింది. మిషన్ చప్పుడు ఆగింది. "పదో తారీఖు ఇంకా రాలే" అంది. ఫోన్ పెట్టేసింది.

పదకొండో రోజు అత్తమ్మా నేనూ సంగారెడ్డి వెళ్ళాం. ఆమె ఇల్లు నేను చూడటం అదే మొదలు. చిన్న ఇల్లు, ముందు వసారా, లోపల చాపలు. ఆమె చెల్లెలు అందరికీ వడ్డిస్తోంది. వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఒకరికొకరు తెలియదు. తినేటప్పుడు నా పక్కనున్నామె ముద్ద ఎడమచేత్తో కలుపుకుంటుంటే, ఎదురుగా ఉన్నామె తల తిప్పుకుంది. నేను మాత్రం చూశాను. ఆమె కూడా నా వేళ్ళ వైపు చూసింది.

బయల్దేరేసరికి సాయంత్రమైంది. వసారాలో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. అత్తమ్మ తనవి వెంటనే తొడుక్కుంది. నేను నావి వెతుకుతూ వంగాను. ఒక జత తీసి చూస్తే, ఎడమ చెప్పు బొటనవేలు దగ్గర నేలకు రాసి రాసి అరిగిపోయి ఉంది, కుడిది కొత్తగా ఉంది. నేనూ ఎడమకాలు ఈడుస్తాను కాబట్టి నావే అనుకుని కాలు పెట్టాను. సరిపోలేదు. ఇంకో జత తీశాను. అందులో కుడిది అరిగింది. ఆ పక్కనున్న జతలో మళ్ళీ ఎడమది. గుట్టలో అన్నీ అలాంటి జతలే, ఒకటి బాగుంది, ఒకటి ముందుభాగం పలచబడి వెలుతురు కనిపిస్తోంది. నా వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డారు, నేను జరిగితే వాళ్ళవి తీసుకుందామని.